చేపనీళ్ల వంకాయలు

ఇరవై రెండేళ్లు ఒక కంపెనీ పురుగుమందులు అమ్మాను. ఆ కంపెనీ మూతపడ్డాక ఆరేళ్లు పురుగుమందు కొట్టని కూరగాయలు కొన్నాను. నా ఉద్యోగ జీవితం మొత్తం ఇంతే. మొదటి ఉద్యోగంలో రైతు దగ్గరికెళ్లి, "ఈ మందు కొట్టకపోతే మునిగిపోతావు" అనేవాణ్ని. రెండో ఉద్యోగంలో అదే మోటార్ సైకిల్ మీద, ఒక్కోసారి అదే రైతు దగ్గరికెళ్లి, "ఆ మందు కొట్టావో, మునిగిపోయావే" అనేవాణ్ని. రెండుసార్లూ నా జీతం మాత్రం ఒకటో తారీఖుకే వచ్చింది. రైతులు నన్ను తన్నకుండా వదిలేశారంటే అది పూర్తిగా వాళ్ల మంచితనం.

ఈమధ్య ఆర్గానిక్ వ్యాపారం పెడతామంటూ కుర్రాళ్లు, అమ్మాయిలు నా దగ్గరికి వస్తున్నారు. ల్యాప్‌టాప్ తెరిచి రంగురంగుల బొమ్మలు చూపించి, "అంకుల్, మీ అనుభవం చెప్పండి" అంటారు. నేను గెలిచిన కథలు చెబుతానని వాళ్ల ఆశ. గెలిచిన కథలు నా దగ్గర లేవు. ఒక సిగ్గుమాలిన పని ఉంది, అది చెబుతాను. వినండి నాయనా, పెట్టుబడి అక్కర్లేని పాఠం.

అప్పటికి అమీర్‌పేటలో మెట్రో స్తంభాలు లేవలేదు. ఎటు చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో గదికి ఆరుగురు చొప్పున కుర్రాళ్లు పడుకుని, పొద్దున్నే జిరాక్స్ కాగితాలు పట్టుకుని ఆ బోర్డుల కిందకి చేరేవాళ్లు. మా యజమాని అలాంటి ఇన్‌స్టిట్యూటే నడిపి బాగా గడించాడు. నలభై ఐదో ఏట ఒక డాక్టరు ఆయన రక్తపరీక్షల కాగితాలు చూసి తల అడ్డంగా ఊపాడు. అంతే, మాంసం మానేశాడు, ఇన్‌స్టిట్యూట్ అమ్మేశాడు, పంజాగుట్టలో ఆర్గానిక్ కూరగాయల షాపు తెరిచాడు. పుట్టు శాకాహారులతో ఏ గొడవా ఉండదండీ. మధ్యలో మారినవాళ్లతోనే వస్తుంది అసలు తంటా. షాపులో పనిచేసేవాళ్ల టిఫిన్ డబ్బాల్లో కోడిగుడ్డు కూడా ఉండకూడదని గోడకి నోటీసు అంటించాడు.

నేను పుట్టింది గుంటూరు వైపు. కారం లేకుండా బతకగలనేమో కానీ ముక్క లేకుండా బతకలేను. మధ్యాహ్నం 'బ్యాంకు పని' అని చెప్పి అమీర్‌పేట సందులో బిర్యానీ తిని వచ్చేవాణ్ని. వారానికి నాలుగుసార్లు బ్యాంకు పని ఏముంటుందని యజమాని ఏనాడూ అడగలేదు. కౌంటర్లో కూర్చునే ఆవిడకు మాత్రం అన్నీ తెలుసు. ఆవిడ పాతబస్తీ వైపు నుంచి వచ్చేది, మహా గడుసు మనిషి. "సార్, మీ అంగీ బిర్యానీ వాసన గొడుతుంది. జర సోంపు నమలుండ్రి, మాలిక్ వస్తుండు" అని చేతిలో సోంపు పోసేది. ఆవిడ డబ్బాలో పెరుగన్నం కింద ఉడకబెట్టిన గుడ్డు ఉండేదన్న సంగతి నేనూ ఎక్కడా చెప్పలేదు. ఆ షాపు ఆ సోంపు మీదే నడిచింది.

మా ఖాతాదారుల్లో పెద్దతలకాయ శ్రీనగర్ కాలనీ లెక్చరర్ గారు. ఫిజిక్స్ చెప్పి రిటైరైన ఆవిడ, తరతరాల శాకాహారి. వంకాయను వెలుతురుకేసి పట్టి, తొడిమ వాసన చూసి, నా వంక ఓసారి చూసి అప్పుడు బుట్టలో వేసేది. ఆవిడ కొంటే కాలనీ మొత్తం కొన్నట్టే. ఆవిడ పెదవి విరిస్తే సాయంత్రానికి సరుకంతా వాడిపోయేది.

ఆ వంకాయలు పండించేది చేవెళ్ల వైపు ఊళ్లో ఒక అక్క. పన్నెండు కుటుంబాల సంఘానికి ఆమే పెద్ద. మందులు మానెయ్యమని ఆమె వెంట పడింది నేనే. నా మాట విని మానేసింది, మిగతా పదకొండు ఇళ్ల చేతా మాన్పించింది. మొదటి రెండు పంటలు చేతికి రాలేదు, ఊరంతా నవ్వింది. మూడో పంటకి వంకాయ, బెండ, తోటకూర నిగనిగలాడుతూ వచ్చాయి. నేను షాపులో కాలరెగరేసుకుని తిరిగాను.

అలా పండటానికి కారణం చెబుతాను, ఇక్కడ కాస్త శ్రద్ధగా వినండి. ఆమె దొడ్లో పద్నాలుగు మేకలుండేవి. అవి కాక, ఏడాదికోసారి గొర్రెల కాపరిని పిలిచి, అతని మందను రాత్రిపూట పొలంలో నిలబెట్టించేది. మంద ఒక మడిలో పడుకుని లేస్తే ఆ మడికి ఆ ఏడు ఎరువు అక్కర్లేదు. ఇంకా గుడిసె వెనక ఒక నీలం డ్రమ్ముండేది. అందులో చెరువు చేపలు, బెల్లం కలిపి మూతేసి మూడు వారాలు ఊరబెట్టి, ఆ రసాన్ని నీళ్లలో కలిపి మొక్కల మీద చల్లేది. మూత తీసినరోజు నేను గాలికి ఎదురుగా నిలబడేవాణ్ని కాదు.

ఇక లెక్క చూడండి. కాపరి బతకాలంటే పొట్టేళ్లు అమ్ముడుపోవాలి. పొట్టేళ్లు ఎవరు కొంటారు? మటన్ తినేవాళ్లు. అంటే శ్రీనగర్ కాలనీలో పప్పులో ఉడికిన తోటకూర వెనక ఎక్కడో ఒకడు ఆదివారం మటన్ తిన్నాడన్నమాట. వాడు మానేస్తే పొట్టేలు అమ్ముడుపోదు, మంద ఉండదు, ఎరువు ఉండదు, తోటకూరా ఉండదు. ఈ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. షాపులో ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

ఒక ఎండాకాలం మా యజమాని ఏదో ప్రకృతి శిబిరానికి వెళ్లి వారం తర్వాత మెరుస్తున్న మొహంతో తిరిగొచ్చాడు. నన్ను పిలిచి కూర్చోబెట్టాడు.

"ఆర్గానిక్ అని అందరూ అంటున్నారండీ. మనం ఒక మెట్టు పైకెళ్దాం. శాకాహార పొలం! పొలమే శాకాహారి అన్నమాట. ఎలా ఉంది?"

"పొలం ఏం తింటుందండీ?" అన్నాను.

"అదేనండీ పాయింటు!" అని ఒక ఫారం నా ముందు పెట్టాడు. పొలంలో మాంసం కోసం పెంచే జీవాలు ఉండకూడదు. చేప, గుడ్డు, ఎముక, రక్తం నుంచి వచ్చిన ఏ ఎరువూ వేయకూడదు. గట్టు మీద మాంసం వండకూడదు. కింద రైతు సంతకం, దాని కింద పరిశీలించిన అధికారి సంతకం. అధికారి ఎవరయ్యా అంటే నేనే.

నోరు విప్పాల్సిన సమయం అది. డ్రమ్ము సంగతి, మేకల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తే అక్కడితో పోయేది. కానీ కొత్త ధరలు రాసిన కాగితం, దాని పక్కనే నా కొత్త జీతం రాసిన కాగితం కనపడ్డాయి. "బ్రహ్మాండంగా ఉందండీ" అన్నాను.

నా బుర్రలో ఏముందో దాచకుండా చెబుతాను. పక్కనే అమీర్‌పేట. చేయని ఉద్యోగానికి అనుభవం రాయించుకున్న కుర్రాళ్లు నా కళ్లముందే ఉద్యోగాల్లో చేరి కార్లు కొన్నారు. కాగితం కాగితమే, పని పనే అని నాకు బాగా వంటబట్టింది. సంతకం పెట్టించి, లామినేషన్ చేయించి, బుట్టలో నిలబెడితే సరి. డ్రమ్ము దారి డ్రమ్ముది, ఫారం దారి ఫారానిది.

అక్క ఫారం చదివించుకుని విన్నది.

"మేకలు లేకపోతే ఎరువెట్ల సారూ?"

"ఆవుపేడ వాడొచ్చని రాశారక్కా."

"ఆవులు నాకేడున్నయ్? ఎండాకాలం ఒక్క ఆవుకు గడ్డి ఏడికెల్లి దేవాలె? మేక ఏదన్న తిని బతుకుతది. మీ సారుకు జెప్పలేదా?"

"చూద్దాంలే అక్కా. ముందు సంతకం పెట్టండి. పెట్టకపోతే షాపు సరుకు తీసుకోనంటోంది. సంతకమే కదా."

ఆ 'సంతకమే కదా' అన్నది నా నోటి నుంచే వచ్చింది. ఆమె పన్నెండు ఇళ్లవాళ్లను పిలిచి, వాళ్లతో ఏదో మాట్లాడి, అందరిచేతా పెట్టించింది. నా సంతకం అడుగున గీకేశాను. తిరిగొస్తూ దార్లో ఈలపాట కూడా పాడినట్టు గుర్తు.

ఆ తర్వాత రెండు నెలలు నేను ఊరివైపు వెళ్లలేదు. సోమాజిగూడలో కొత్త షాపు తెరిచే పనిలో యజమాని నన్ను అటు తోశాడు. వానలు పడ్డాక వెళ్లేసరికి మొక్కలు మోకాలెత్తు దాటలేదు, ఆకులు పాలిపోయి ఉన్నాయి. దొడ్డి ఖాళీ. డ్రమ్ము బోర్లించి ఉంది, దాని మీద కోడి కూడా లేదు.

"మేకలేవక్కా?"

"అమ్మిన. మందోళ్లను రావద్దన్న. డ్రమ్ముల రసం పారబోసిన. కోళ్లను మా చెల్లె ఇంటికి తోలిన. సంతకం బెట్టినంక ఇంకేం జేస్తం?"

నోట్లో పచ్చివెలక్కాయ పడ్డట్టయింది. ఆమె చేసిందని కాదు, నేను ఆ సంగతి కలలో కూడా ఊహించనందుకు. ఇరవయ్యెనిమిదేళ్లుగా కాగితాల మీద సంతకాలు పెడుతున్నాను, అందులో రాసింది చేసిన మనిషిని అప్పుడే చూడటం. నిజం చెప్పేయాల్సింది. "అక్కా, నేనది ఉత్త కాగితం అనుకున్నాను" అనాల్సింది. అనలేదు. "మంచిదక్కా, కాస్త ఓపిక పట్టండి" అని నీళ్లు నమిలి వచ్చేశాను. పిల్లలూ, మొదటి తప్పుకి జీతం ఆశ అని సాకు చెప్పుకోవచ్చు. ఈ రెండో తప్పుకి నా దగ్గర ఏ సాకూ లేదు.

షాపులో బుట్టలు ఖాళీ అవుతున్నాయి. కొత్త ధరలకు అలవాటుపడ్డ యజమాని ఖాళీ బుట్టలు చూడలేకపోయాడు. ఒకరోజు తెల్లవారుజామున మార్కెట్ నుంచి ట్రాలీ ఆటో దిగింది. వంకాయలు అద్దంలా మెరుస్తున్నాయి. చూడగానే గుర్తుపట్టాను. ఆ మెరుపు తెప్పించే మందును ఒకప్పుడు నేనే ఊరూరా తిరిగి అమ్మాను. వాటిని బుట్టలో పోసి, ముందర అక్క ఫొటో ఉన్న లామినేషన్ కార్డు నిలబెట్టారు. కింద నా సంతకం.

"ఇదేంటండీ?" అన్నాను.

"టెంపరరీ అండీ. ఆవిడ పంట రాగానే మార్చేద్దాం. ఇంటర్వ్యూ ఒకడిస్తే ఉద్యోగంలో ఇంకొకడు చేరడం లేదా? ఆ తర్వాత వాడూ పని నేర్చుకుంటాడు కదా."

వంకాయ పని ఎలా నేర్చుకుంటుందో నాకు అర్థం కాలేదు. లెక్చరర్ గారు మాత్రం వెలుతురుకేసి పట్టి చూసి, వాసన చూసి, "ఇన్నాళ్లకి క్వాలిటీ పెరిగిందయ్యా" అని మెచ్చుకుంది. కౌంటర్ ఆవిడ నాకేసి చూసి, ఆ రోజు సోంపు ఇవ్వలేదు.

శనివారం షాపు కిటకిటలాడుతున్న వేళ అక్క బస్సు దిగి, భుజాన గోనెసంచితో లోపలికి వచ్చింది. పంట ఇలా వచ్చింది, ఈ ఒక్కసారికి ఓర్చుకోండి, కొనడం మాత్రం మానొద్దు అని యజమానిని అడగటానికి వచ్చింది. పన్నెండు ఇళ్ల తిండి ఆ మాట మీదే ఉంది. లోపలికి రాగానే తన ఫొటో తనకే కనపడింది.

లెక్చరర్ గారు ఆమెను గుర్తుపట్టి సంబరపడిపోయింది. "నువ్వేనా తల్లీ! నీ చేతిలో ఏం మహిమ ఉందో కానీ, ఈ నెల వంకాయ వెన్నలా ఉడుకుతోందమ్మా!"

అక్క బుట్టలోంచి ఒక కాయ తీసి అటూ ఇటూ తిప్పింది. "గివి నావి గాదమ్మా. నావి గివి" అని సంచి విప్పి కౌంటర్ మీద కుమ్మరించింది. చిన్నవి, వంకరవి, పుచ్చులున్నవి. ఒకటి దొర్లి లెక్చరర్ గారి చెప్పు దగ్గర ఆగింది.

యజమాని నవ్వు మొహానికి అంటించుకుని, "అక్క బస్సులో అలిసిపోయారు. లోపలికి తీసుకెళ్లి మంచినీళ్లివ్వండి" అన్నాడు నాతో. నా చెయ్యి నిజంగానే ఆమె సంచివైపు చాచుకుంది. అలవాటు అంటే అదే. అప్పుడామె నావైపు తిరిగింది.

"సారూ, నువ్వు జెప్పు. గివి నావా?"

చెప్పాను. ఎక్కడ మొదలుపెట్టానో గుర్తులేదు కానీ ఆపటం నా చేత కాలేదు. కార్డు పెట్టిన బుట్టలో కాయలు ఈమెవి కావని, మార్కెట్‌వని చెప్పాను. రెండేళ్లు మీరు తిన్నవి మాత్రం నిజంగా ఈమెవేనని, వాటికి వేసింది మేకల ఎరువు, మంద ఎరువు, చేపల రసమని చెప్పాను. మీ శాకాహారం కోసం మేము సంతకం అడిగితే ఈమె అవన్నీ వదిలేసుకుందని, అందుకే కాయలు ఇలా వచ్చాయని చెప్పాను. ఆ ఊపులో నా మధ్యాహ్నం బిర్యానీ సంగతి కూడా చెప్పేశాను. అది ఎవరూ అడగలేదు. కౌంటర్ ఆవిడ తన డబ్బాను మెల్లగా కాళ్లతో బల్ల కిందకి నెట్టుకుంది.

లెక్చరర్ గారు నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుంది. "చేపనీళ్లా? రెండేళ్లూ మా పూజగదిలో నైవేద్యం పెట్టింది చేపనీళ్ల వంకాయలా?"

"అవునండీ."

ఆవిడ కాసేపు కళ్లు మూసుకుంది. తిడుతుందనుకున్నాను. కళ్లు తెరిచి, క్లాసులో ప్రశ్న అడిగినట్టు అడిగింది. "ఈ మెరిసేవాటికి ఏం వేసుంటారు?"

"యూరియా. ఇంకా నేను ఇరవై రెండేళ్లు అమ్మినవన్నీ."

"యూరియాలో ప్రాణి ఏదైనా ఉంటుందా?"

"ఉండదండీ. ఫ్యాక్టరీలో చేస్తారు. అంతకు మించిన శుద్ధ శాకాహారం లేదు."

"అయితే ఇవే రెండు కేజీలు తూకం వెయ్యి" అంది కౌంటర్ ఆవిడతో. "ధర మాత్రం మార్కెట్ ధర వెయ్యి. నేను ఫిజిక్స్ చెప్పాను, పిచ్చిదాన్ని కాదు."

ఆవిడ సంచి సర్దుకుని, కింద పడ్డ వంకర కాయను వంగి తీసి అక్క చేతిలో పెట్టింది. "నీ తప్పేం లేదు తల్లీ. ముందే చెప్పివుంటే నేను కొనేదాన్ని కాదు. నీ మేకలు నీకుండేవి." నావైపు మాత్రం చూడలేదు. చూసుంటే బావుండేదనిపించింది.

పావుగంటలో నా ఉద్యోగం పోయింది. నేను బయటికి పోతుంటే యజమాని నాకొక మంచి ప్రవర్తన సర్టిఫికెట్ ఇవ్వబోయాడు, నమ్ముతారో లేదో. అక్క బుట్టలోంచి తన ఫొటో కార్డు లాక్కుని సంచిలో వేసుకుంది. ఇద్దరం పంజాగుట్ట బస్టాపులో నిలబడ్డాం. ఆ రద్దీలో, ఆ హారన్ల మధ్య, ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి చెప్పేశాను.

"అక్కా, ఆ రోజు నేను ఊరికే సంతకం అనుకున్నాను. మీరు నిజంగా మేకలు అమ్మేస్తారనుకోలేదు."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. కోపంగా చూసుంటే తట్టుకునేవాణ్ని. కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"నువ్వు పెట్టుమంటే పెట్టిన సారూ. పన్నెండు ఇండ్లోళ్లకు గదే జెప్పిన. మాటిచ్చినం, తప్పొద్దు అన్న. నువ్వేమో ముందే అనుకున్నవా, మేం తప్పుతమని?"

రోడ్డు మీద ఏడ్చాను. యాభై నాలుగేళ్ల వయసులో, ఆఫీసులు వదిలే వేళ, జనం తోసుకుంటుంటే ఏడ్చాను. సిగ్గుతో వచ్చిన ఏడుపు అది. ఆమె ఓదార్చలేదు. బస్సు వస్తుంటే, "ఏడ్సుడు జాలు. బుధవారం మేకల సంతకు రా, పైసల్ పట్టుకొని రా" అని ఎక్కి వెళ్లిపోయింది.

ఆ తర్వాతి ఏడు ఆమె కూరగాయలు ఎస్.ఆర్. నగర్ హాస్టల్ మెస్సులకు వెళ్లాయి. ఆర్గానిక్ ధర రాలేదు, ఏ కార్డూ పెట్టలేదు. చేపల రసం సంగతి ముందే చెబితే ఒక మెస్సు ఆయన, "మా పిలగాండ్లు చేపల్నే తింటరన్నా, నీళ్లకేం ఫికర్" అన్నాడు. పన్నెండు ఇళ్లల్లో నాలుగు మళ్లీ మందుల్లోకి వెళ్లిపోయాయి. ఎనిమిది నిలిచాయి. దీన్ని గెలుపు అని ల్యాప్‌టాప్‌లో రాసుకోకండి.

అదంతా తర్వాతి మాట, ఆ బుధవారం మాత్రం అక్కతో కలిసి సంతకు వెళ్లాను. నా ఆఖరి జీతంతో ఐదు మేకలొచ్చాయి. అమ్మిన ముసలాయన నా ఇస్త్రీ చొక్కా చూసి, "కోసేతందుకా, సాకేతందుకా?" అని అడిగాడు.

"కూరగాయల కోసం" అన్నాను.

ఆయనకు అంతుపట్టలేదు. నాకు ఉపన్యాసం ఇచ్చే జబ్బు పోలేదు కదా, అంతా వివరించాను. ఈ మేకలు ఎరువిస్తాయి, ఎరువుతో కూరగాయలు పండుతాయి, కూరగాయలు పట్నంలో తింటారు. ఈనిన పిల్లల్ని పెంచి అమ్మితే వాటిని నాలాంటివాళ్లు తింటారు. అందరికీ ఏదో ఒకటి దక్కుతుందని ముగించాను.

ముసలాయన మేక వీపు నిమురుతూ అంతా విన్నాడు. "మస్తుగున్నది సారూ. మరి మేకకేం దక్కుతది?"

అక్క నా చేతిలోంచి తాడు లాక్కుంది.

"మాకెంత దక్కుతదో దానికీ గంతే. నడువు."